ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటుందా?

ఎనభై దాటిన పెద్దావిడ తెల్లవారుజామున బాత్‌రూమ్ గడప దగ్గర జారి పడుతుంది. లేవబోతే లేవలేదు. ఒక కాలు కాస్త పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తుంది. ఎక్స్‌రే తీసి, తుంటి విరిగింది, ఆపరేషన్ చెయ్యాలి అంటారు. అప్పుడు ఆసుపత్రి వరండాలో కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒకటే. "ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటుందా?" బీపీ ఉంది, షుగర్ ఉంది, గుండె ఎలా ఉందో తెలీదు. మత్తు ఇస్తే మళ్లీ కళ్లు తెరుస్తుందో లేదో! ఉన్నన్నాళ్లు ఇంట్లో మంచం మీదే చూసుకుందాం అనే మాట చాలాసార్లు ప్రేమతోనే వస్తుంది.

ఆ ప్రశ్న అడగాల్సిందే. దాంతోపాటు ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈ వయసులో మూడు నెలల మంచాన్ని ఆ ఒళ్లు తట్టుకుంటుందా? గత వందేళ్ల వైద్యం జవాబు వెతికింది ఎక్కువగా ఈ రెండో ప్రశ్నకే. తట్టుకోదు అన్నదే ఆ జవాబు.

2023 డిసెంబర్ 7 రాత్రి తెలంగాణ మాజీ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఎర్రవల్లిలోని తన ఫాంహౌస్‌లో జారిపడ్డారు. ఎడమ తుంటి విరిగింది. మర్నాడే హైదరాబాద్‌లోని యశోద ఆసుపత్రిలో తుంటి మార్పిడి జరిగింది. ఆ వెంటనే ఆయన వాకర్ పట్టుకుని అడుగులు వేస్తున్న దృశ్యాన్ని టీవీల్లో మనమంతా చూశాం. తుంటి విరిగితే జరగాల్సింది సరిగ్గా అదే. పడిన ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్, ఆపరేషన్ అయిన మర్నాడే నిలబడటం. అదే రాత్రి ఏ మారుమూల తండాలోనో, మలావీలోనో, జింబాబ్వేలోనో పడిన ఒక ముసలమ్మకి ఇది ఎందుకు అందదు, అందాలంటే ఏం కావాలి అన్నదే ఈ అధ్యాయం.

కాలువ చివరి పొలం

తొడ ఎముక మన ఒంట్లో అన్నిటికంటే పొడవైన ఎముక. దాని పై కొస గుండ్రని బంతి. కటి ఎముకలో ఉన్న గుంటలో ఆ బంతి తిరుగుతుంది కాబట్టే మనం నడవగలం, కూర్చోగలం, గొంతుకు కూర్చుని లేవగలం. బంతికీ నిలువు ఎముకకీ మధ్య, పక్కకి వంగి ఉండే భాగం పేరు మెడ. పైనున్న ఒంటి బరువంతా ఆ వంపు మీదుగా కాలిలోకి దిగుతుంది. యాభై ఏళ్లు దాటాక, ముఖ్యంగా ఆడవాళ్లలో ముట్టు ఆగాక, ఎముక లోపలి అల్లిక పలచబడుతుంది. ఎముకలు గుల్లబారడం అని మనం అనేది, డాక్టర్లు ఆస్టియోపోరోసిస్ అనేది ఇదే. గుల్లబారిన మెడ విరగడానికి ప్రమాదాలేమీ అక్కర్లేదు. నిలబడిన మనిషి అక్కడికక్కడే పక్కకి ఒరిగి పడితే చాలు.

తుంటి వైద్యం ఎందుకు రకరకాలుగా ఉంటుందో తెలియాలంటే బంతికి రక్తం ఎలా చేరుతుందో చూడాలి. రక్తనాళాలు మెడ మొదలు దగ్గర చుట్టుకుని, అక్కణ్నుంచి సన్నటి కొమ్మలుగా మెడను అంటిపెట్టుకుని పైకి పాకి బంతికి చేరతాయి. పెద్దవాళ్లలో ఆ బంతికి వేరే దారిలో వచ్చే రక్తం దాదాపు లెక్కలోకి రాదు. సాగర్ కాలువ కింద ఆయకట్టు చివర పొలం ఉన్న రైతుకి ఈ సంగతి ఒక్క ముక్కలో అర్థమవుతుంది. కాలువకి ఎగువన ఎక్కడ గండి పడినా ముందు ఎండేది చివరి పొలమే. తొడ ఎముక బంతి అలాంటి చివరి పొలం. మెడ విరగడమంటే ఆ ఒక్క కాలువకీ గండి పడటం. గండి చిన్నదై గట్టు కదలకుండా ఉంటే, అంటే విరిగిన ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగి ఉన్నచోటే ఉంటే, రెండు మూడు స్క్రూలు బిగించి కాపాడుకోవచ్చు. గట్టు కొట్టుకుపోయి ముక్కలు ఎడమైపోతే మాత్రం నీరు రాదు. ఆ బంతి అతుక్కోకపోవచ్చు. అతుక్కున్నా నెలల తరబడి నెమ్మదిగా చచ్చి నలిగిపోవచ్చు. అందుకే పెద్ద వయసు వాళ్లలో బంతిని తీసేసి దాని చోట లోహపు బంతి పెడతారు. మళ్లీ మళ్లీ ఆపరేషన్‌కి తిప్పడం కంటే అది మేలు.

మెడకి కింద, పెద్ద కండరాలు అతుక్కునే గడ్డల దగ్గర విరిగితే కథ వేరు. అది కాలువ తల దగ్గరి భూమి, నీటికి కొదవ లేదు. ఎముక తనంతట తాను అతుక్కుంటుంది. అతుక్కునే దాకా దాన్ని కదలకుండా పట్టి ఉంచేది మాత్రం కావాలి. లేకపోతే బలమైన తొడ కండరాలు ముక్కల్ని లాగేసి, కాలు పొట్టిగా వంకరగా అతుక్కుంటుంది. ఇక్కడ ఎముక పక్కన పట్టీ పెట్టి బంతిలోకి పెద్ద స్క్రూ దింపుతారు. లేదా ఎముక బొంగులోకి రాడ్ దింపుతారు. మన ఆసుపత్రుల్లో డీహెచ్‌ఎస్ అనీ పీఎఫ్‌ఎన్ అనీ వినిపించేవి ఈ రెండే.

మంచం ఏం చేస్తుంది

కాలువ తల దగ్గరి భూమి లాంటి ఫ్రాక్చర్ దానంతటదే అతుక్కుంటుందంటున్నారుగా, మరి పడుకోబెడితే పోలేదా అని అడగొచ్చు. ఒకప్పుడు ప్రపంచమంతా చేసింది అదే. మోకాలి కింద ఎముకలోంచి పిన్ను దూర్చి, తాడు కట్టి, మంచం చివర కప్పీ మీదుగా బరువు వేలాడదీసి, ఆరు వారాలో పన్నెండు వారాలో కాలుని లాగి ఉంచేవారు. దీన్ని ట్రాక్షన్ అంటారు. సర్జన్లు, పరికరాలు దొరకని చోట ఇప్పటికీ ఇదే వైద్యం. ఆఫ్రికాలోని మలావీలో తొడ ఎముక విరిగితే జిల్లా ఆసుపత్రుల్లో ట్రాక్షన్ వేసేది చాలావరకు ఎంబీబీఎస్ చదవని ఎముకల సహాయ వైద్యులే. 1985 నుంచి ఆ దేశం వాళ్లకి ప్రత్యేకంగా శిక్షణ ఇస్తోంది. ఇరవై ఏళ్ల కుర్రాడికి ట్రాక్షన్ పనికొస్తుంది. ఎనభై ఏళ్ల అవ్వకి అది ఎముకను అతికిస్తూ ప్రాణం తీయగలదు.

ఎలా? పడుకున్న మనిషి ఊపిరితిత్తుల అడుగున కఫం చేరి న్యుమోనియా వస్తుంది. కదలని కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి తెస్తుంది. పిరుదుల కింద, మడమల కింద చర్మం నలిగి పుండు పడుతుంది. ఈ పుండు మొదలవడానికి వారాలు అక్కర్లేదు, గంటలు చాలు. మూత్రం గొట్టం నుంచి ఇన్ఫెక్షన్ వస్తుంది. నొప్పికీ, నిద్ర లేకపోవడానికీ, కొత్త చోటుకీ తోడు ఒంట్లో నీరు తగ్గి, రాత్రిళ్లు మనిషి ఎవరినీ గుర్తుపట్టకుండా కలవరిస్తుంది. పిచ్చెక్కిందేమో అని ఇంటివాళ్లు హడలిపోతారు. దీన్ని డెలీరియం అంటారు, కారణాలు సరిచేస్తే చాలామందికి తగ్గుతుంది.

కండ కరగడం వీటన్నిటికంటే నిశ్శబ్దంగా జరుగుతుంది. 2007లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. సగటున 67 ఏళ్లున్న, ఏ జబ్బూ లేని 12 మందిని 10 రోజులు మంచం దిగనివ్వలేదు. ఆ 10 రోజుల్లో వాళ్ల కాళ్ల నుంచే సుమారు ఒక కిలో కండ పోయింది. ఎముక విరగని, కడుపునిండా తిన్న, ఆరోగ్యవంతుల సంగతి అది. విరిగిన తుంటితో, నొప్పితో, సగం పస్తుతో ఆరు వారాలు పడుకున్న ఎనభై ఏళ్ల మనిషికి లేచి నిలబడటానికి ఏం మిగులుతుంది?

ఆపరేషన్ అసలు ఉద్దేశం ఇక్కడ తెలుస్తుంది. ఎక్స్‌రేలో ఎముక అందంగా కనబడటం కోసం చేసేది కాదిది. నొప్పి తగ్గాలి, కూర్చోబెట్టగలగాలి, నిలబెట్టగలగాలి. పడక ముందే పూర్తిగా మంచాన ఉన్నవాళ్లకీ, రోజులు లెక్కపెట్టుకుంటున్నవాళ్లకీ తప్ప దాదాపు అందరికీ ఆపరేషనే మేలు. అలాంటివాళ్లలో కూడా, పక్క మార్చినప్పుడల్లా అరిచే నొప్పిని తగ్గించడానికి కొందరికి చెయ్యాల్సి వస్తుంది. ఇంత చేసినా తుంటి విరిగిన ఏడాదిలోపు నూటికి ఇరవై నుంచి ముప్ఫై మంది చనిపోతారన్నది సంపన్న దేశాల్లోనూ ఉన్న మాటే. దీన్ని చిన్న దెబ్బగా చూడకూడదు.

పడినచోటు నుంచి ఆపరేషన్ బల్ల దాకా

ఈ సమస్య పెద్దదవుతుందని చాలాకాలం కిందే లెక్క కట్టారు. ప్రపంచంలో 1990లో సుమారు 16 లక్షల 60 వేల తుంటి ఫ్రాక్చర్లు జరిగాయనీ, 2050 నాటికి అవి 62 లక్షలు దాటొచ్చనీ, వాటిలో సగానికి పైగా ఆసియాలోనే ఉంటాయనీ 1992లోనే అంచనా వేశారు. కారణం మన ఆయుర్దాయం పెరగడమే. 2011 జనగణనలో అరవై దాటినవాళ్లు మన దేశంలో 10 కోట్లకు పైగా ఉన్నారు. 2050కి 34 కోట్లు దాటతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. హర్యానాలోని రోహ్‌తక్ జిల్లాలో చేసిన లెక్కింపులో యాభై దాటిన ప్రతి లక్షమంది ఆడవాళ్లలో ఏడాదికి 159 మందికీ, మగవాళ్లలో 105 మందికీ తుంటి విరిగింది. మగవాళ్లకి ఇది రాదనుకోవడం పొరపాటు.

ఇన్ని లక్షల మందిలో సర్జన్ లేక నష్టపోయేవాళ్లే కాదు, సర్జన్ దాకా చేరేసరికి రోజులు గడిచిపోయి నష్టపోయేవాళ్లూ ఉన్నారు. ఆ రోజులు ఎక్కడ పోతున్నాయో ఒక్కొక్కటిగా చూడాలి. తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రాణాలు నిలబెట్టే చోటు ఇదే అని నా నమ్మకం.

మొదటి ఆలస్యం ఇంట్లోనే. "బెణికింది, రెండ్రోజులు చూద్దాం" అంటారు. నూనె రాసి మర్దన చేస్తారు. కాలు లాగి సరిచేయబోతారు. మా వైపు పుత్తూరు కట్టు పేరు తెలియనివాళ్లుండరు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టే ఆ కట్టు కోసం పొరుగు రాష్ట్రాల నుంచి కూడా వస్తారు. ముంజేయి విరిగి ముక్కలు పెద్దగా కదలకపోతే అలాంటి కట్టుతో అతుక్కోవచ్చు, ఎందుకంటే విరిగినచోటికి పైనా కిందా బద్దలు పట్టు దొరకబుచ్చుకుంటాయి. తుంటి మెడకి ఆ వీలే లేదు. చుట్టూ మందమైన కండ, పైన కీలు కటి లోపల. బయటి నుంచి ఏ బద్దా, ఏ పిండికట్టూ దాన్ని కదలకుండా ఆపలేవు. ఇది కట్టు కట్టేవాళ్ల పనితనాన్ని తక్కువ చేయడం కాదు. చెయ్యి విరిగినవాళ్లు వందమంది వచ్చే గడపలో, తుంటి విరిగిన ఒక్క అవ్వని గుర్తుపట్టి అక్కణ్నుంచే 108కి ఫోన్ చేయించగలిగితే వాళ్లు చేసే మేలు చాలా పెద్దది.

గుర్తుపట్టడం కష్టమూ కాదు. పడ్డాక లేచి నిలబడలేకపోవడం, గజ్జలో నొప్పి, కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరగడం, పడుకుని మడమ పైకెత్తలేకపోవడం. ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగినప్పుడు మాత్రం కొందరు కుంటుతూనే నాలుగడుగులు వేస్తారు. అందుకని నడిచింది కదా, విరగలేదు అనుకోకూడదు. అరుదుగా మొదటి ఎక్స్‌రేలో కూడా గీత కనిపించదు. నొప్పి తగ్గకపోతే సీటీయో ఎంఆర్‌ఐయో కావాలి. ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు కాలు లాగకుండా, రెండు కాళ్ల మధ్య దిండు పెట్టి, వెల్లకిలా పడుకోబెట్టి తీసుకెళ్లాలి. ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్తే ప్రతి గుంతలోనూ నరకమే.

రెండో ఆలస్యం ఆసుపత్రుల మధ్య. 18 పేద, మధ్యాదాయ దేశాల్లో ఎముకలు విరిగి ఆసుపత్రిలో చేరిన 31 వేల మందిని గమనించిన పరిశోధన 2020లో వచ్చింది. ఇన్‌ఆర్మస్ దాని పేరు, మన దేశమూ అందులో ఉంది. అన్ని రకాల ఫ్రాక్చర్లనీ చూసిన అధ్యయనమిది. ఆలస్యంగా చేరినవాళ్లలో దాదాపు సగం మందికి కారణం ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పంపడమే. అమాయకత్వం వల్లో నాటుకట్టు వల్లో ఆలస్యమైందని రోగినే తప్పుపట్టే అలవాటు మనకుంది. ఈ లెక్క ఆ తప్పుని ఎక్కువగా వ్యవస్థ మీదే మోపుతోంది. పీహెచ్‌సీ నుంచి ఏరియా ఆసుపత్రికి, అక్కడ ఎముకల డాక్టరుంటే మత్తు డాక్టరు లేక జిల్లా ఆసుపత్రికి, అక్కడ మంచం ఖాళీ లేక నగరానికి. ప్రతి మెట్టు దగ్గరా మళ్లీ ఎక్స్‌రే, మళ్లీ చీటీ. ఫలానా ఊళ్లో తుంటి విరిగితే నేరుగా ఫలానా ఆసుపత్రికే అని జిల్లాకి ఒక్క నిర్ణయం ముందే ఉంటే ఈ తిరుగుడంతా తప్పుతుంది. దానికి కొత్త యంత్రాలేమీ కొననక్కర్లేదు.

మూడోది ఆసుపత్రి లోపల జరిగే ఆలస్యం. మనవాళ్లకి బాగా తెలిసిన మాట ఇక్కడ వినబడుతుంది. "ఫిట్‌నెస్ రావాలమ్మా." గుండె డాక్టరు చూడాలి, ఎకో తీయాలి, ఆయన సోమవారం వస్తారు. జాగ్రత్త తప్పు కాదు. కాని ఏ కారణాలకి ఆగాలో బ్రిటన్‌లోని మత్తు డాక్టర్ల సంఘం ఒక చిన్న జాబితా రాసి పెట్టింది. హిమోగ్లోబిన్ 8 కంటే తక్కువ ఉండటం, రక్తంలో సోడియం, పొటాషియం మరీ తేడాగా ఉండటం, అదుపులో లేని షుగర్, గుండె చేతులెత్తేసి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, మరీ వేగంగా కొట్టుకునే గుండె, ఒళ్లంతా పాకిన ఛాతీ ఇన్ఫెక్షన్, సరిచేయదగ్గ రక్తస్రావ దోషం. ఇవి ఉంటే వెంటనే సరిచేసి, వెంటనే చెయ్యాలి. బీపీ కాస్త ఎక్కువుందనో, ఎకో కుదరలేదనో, ఆస్పిరిన్ వేసుకుంటోందనో వారం ఆపడానికి ఆధారం లేదు.

రక్తం సంగతీ అంతే. ఇద్దరు దాతల్ని తెస్తేగానీ ఆపరేషన్ లేదంటే, పల్లె నుంచి వచ్చిన కుటుంబం రెండు రోజులు ఫోన్లు చేస్తూనే ఉంటుంది. 2011లో వచ్చిన ఫోకస్ అనే పరీక్షలో తుంటి ఆపరేషన్ అయిన, గుండె జబ్బో దాని ముప్పో ఉన్న 2,016 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకి హిమోగ్లోబిన్ 10కి తగ్గితే రక్తం ఎక్కించారు, రెండో జట్టుకి 8కి తగ్గితేనో, లక్షణాలు కనిపిస్తేనో. రెండు నెలల తర్వాత మరణాల్లో, నడవగలగడంలో తేడా లేదు. మత్తు విషయంలోనూ ఇంతే. నడుములో ఇంజెక్షన్ మంచిదా, పూర్తి మత్తు మంచిదా అని 1,600 మందిలో చూసిన రీగెయిన్ పరీక్ష 2021లో రెండూ సమానమేనని తేల్చింది. ఉన్న మత్తు డాక్టరుకి ఏది బాగా చేతనవునో అదే చేయొచ్చు.

మరి ఎంత తొందరగా చెయ్యాలి? 17 దేశాల్లో 2,970 మందితో హిప్ అటాక్ అనే పరీక్ష చేశారు. కొందరికి రోగం తేలిన 6 గంటలకే ఆపరేషన్, మిగిలినవాళ్లకి మామూలుగా సుమారు 24 గంటలకి. 2020లో వచ్చిన ఫలితంలో మూడు నెలల మరణాలు ఒక జట్టులో నూటికి 9, ఇంకో జట్టులో 10. చెప్పుకోదగ్గ తేడా కాదది. డెలీరియం మాత్రం తొందరగా చేసినవాళ్లలో తగ్గింది, వాళ్లు త్వరగా నిలబడ్డారు, త్వరగా ఇంటికి వెళ్లారు. పేద దేశాలకి ఇందులో ధైర్యం ఉంది. అర్ధరాత్రి థియేటర్ తెరిచే స్తోమత లేదని కుంగిపోనక్కర్లేదు. వచ్చిన రోజో మర్నాడో పగటిపూట చేస్తే చాలు. కాని ఆ పరీక్షలో నెమ్మదైన జట్టు అంటే ఒక్క రోజు. మన దగ్గర వారం ఆగినవాళ్లకి ఇది ఊరట కాకూడదు.

వేచి ఉన్నన్నాళ్లు ఇంకో చిన్న క్రూరత్వం జరుగుతుంది. "రేపు లిస్టులో ఉంది, రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు" అంటారు. మధ్యాహ్నం రెండింటికి వాయిదా పడిందంటారు. సాయంత్రం ఇంత అన్నం, మళ్లీ రాత్రి నుంచి పస్తు. ఆపరేషన్‌కి ఆరు గంటల ముందు దాకా తేలికైన తిండీ, రెండు గంటల ముందు దాకా మంచినీళ్లూ ఇవ్వొచ్చు. ముసలి ఒంటికి ఆ రెండు గ్లాసుల నీళ్లు చాలా పెద్ద మందు.

ఖరీదైనదే మంచిదా?

డబ్బు దగ్గర కూడా రోజులు పోతాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ వచ్చాక పేద ఇళ్లలో ఈ భయం చాలావరకు తగ్గింది. 2024 అక్టోబర్ నుంచి డెబ్భై దాటినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వర్తింపజేశారు. ఆఫ్రికాలోని చాలా దేశాల్లో ఇలాంటి అండ లేదు. లోపల పెట్టే ఇంప్లాంట్‌ని కుటుంబమే ముందు కొనుక్కొస్తేగానీ కత్తి పట్టరు.

అందుకే ఏ ఇంప్లాంట్ అన్న ప్రశ్నకి అక్కడా ఇక్కడా బరువుంది. బంతిని మాత్రమే మార్చడం చవక, బంతినీ గుంటనీ రెంటినీ మార్చే పూర్తి తుంటి మార్పిడి ఖరీదు. 10 దేశాల్లో 1,495 మంది మీద చేసిన హెల్త్ అనే పరీక్ష 2019లో వచ్చింది. రెండేళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు రెండు జట్లలోనూ నూటికి దాదాపు ఎనిమిదే. చురుగ్గా తిరిగే అరవై ఏళ్ల మనిషికి పూర్తి మార్పిడి సబబే కావచ్చు. కర్ర పట్టుకుని ఇంటిచుట్టూ నడిచే ఎనభై ఏళ్ల అవ్వకి సగం మార్పిడి చేశారని ఇంటివాళ్లు బాధపడాల్సిన పని లేదు. మెడ కింద విరిగే రకంలో కూడా, మరీ ముక్కలు ముక్కలు కాకపోతే, పాతకాలపు పట్టీ-స్క్రూ కొత్త రాడ్‌తో సమానంగా పనిచేస్తుందని బ్రిటన్ మార్గదర్శకాలు దాన్నే వాడమంటాయి. మన దగ్గర రాడ్ మీద మోజు ఎక్కువైంది. చేయి తిరిగిన సర్జన్ చేతిలో చవక పరికరం, అలవాటు లేని చేతిలో ఖరీదైనదానికంటే నయం.

ఎక్స్‌రే చూస్తూ ఆపరేషన్ చేయడానికి సీ-ఆర్మ్ అనే యంత్రం కావాలి. కరెంటు నిలకడ లేని చోట అది ఉండదు, ఉన్నా పాడై మూలన పడి ఉంటుంది. వియత్నాంలో సైనిక వైద్యుడిగా పనిచేసి వచ్చిన అమెరికన్ సర్జన్ లూయిస్ జర్కిల్ 1999లో సైన్ అనే సంస్థ పెట్టారు. ఆ యంత్రం లేకుండానే, బయటి నుంచి కొలిచే చట్రం సాయంతో ఎముకలోకి దింపగల రాడ్‌ని వాళ్లు తయారు చేశారు. మెడ కింద విరిగే తుంటికి కూడా దాని రూపం ఒకటి ఉంది. పేద దేశాల సర్జన్లకి వాటిని ఉచితంగా ఇస్తారు. బదులుగా ప్రతి రోగి ఎక్స్‌రేని, ఫలితాన్ని ఆ సర్జన్లు పంపాలి. ఈ షరతు నాకు ఎంతో నచ్చింది. ఇచ్చిన వస్తువు ఎవరికి ఉపయోగపడిందో, ఎవరికి బెడిసిందో తెలిసే దారి అదొక్కటే.

నొప్పి తీసి, లేపి, నిలబెట్టి

ఆపరేషన్ దాకా ఆగాల్సిన గంటల్లో నొప్పి తగ్గించడానికి పారాసెటమాల్ ఒక్కటే చాలదు, మత్తెక్కించే నొప్పి మందులు ఎక్కువైతే కలవరింత పెరుగుతుంది. గజ్జ దగ్గర తొడ నరాల చుట్టూ ఆ చోటు మొద్దుబారే మందు ఇంజెక్షన్ ఇస్తే గంటల తరబడి నొప్పి తెలియదు. నెర్వ్ బ్లాక్ అంటారు దీన్ని. క్యాజువాలిటీ డాక్టరు నేర్చుకోదగ్గ పని, మందు ఖరీదు కూడా ఎక్కువ కాదు. నా చేతిలో ఉంటే ప్రతి ఏరియా ఆసుపత్రిలో ముందు దీన్నే మొదలుపెడతాను.

నొప్పితోపాటు మిగతా ఒంటినీ చూసుకునేవాళ్లు కావాలి. ఇంగ్లండులో హేస్టింగ్స్ అనే సముద్రతీర పట్టణంలో, 1960ల నాటికే మైకేల్ డెవాస్ అనే ఎముకల సర్జన్, వృద్ధుల వైద్యుడు ఇర్విన్ కలిసి ఒకే వార్డులో రోగుల్ని చూడటం మొదలుపెట్టారు. సర్జన్ ఎముకని చూసుకుంటే, ఇర్విన్ గుండెని, మందుల్ని, తిండిని, మతిమరుపుని చూసుకునేవారు. 2007లో బ్రిటన్ దేశవ్యాప్తంగా ప్రతి తుంటి రోగి వివరాలూ రాసే పట్టిక మొదలుపెట్టింది. 36 గంటల్లో ఆపరేషన్ చేసి, వృద్ధుల వైద్యుడితో చూపించిన ఆసుపత్రికి 2010 నుంచి ఎక్కువ డబ్బు ఇచ్చింది. నెలలోపు మరణాలు 2007లో నూటికి 10.9 ఉంటే 2011కి 8.5కి తగ్గాయి. వృద్ధుల వైద్య నిపుణులు మనకి చాలా తక్కువ. కాని ఆ వార్డుకి రోజూ ఒకసారి వచ్చే జనరల్ ఫిజీషియన్, ఒక నర్సు, ఒక ఫిజియోథెరపిస్టు, ఒక రూళ్ల నోటుబుక్కు ఉంటే పని మొదలవుతుంది. వచ్చిన గంట, ఆపరేషన్ గంట, నిలబడిన రోజు రాసుకున్న ఆసుపత్రి తన ఆలస్యాన్ని తానే చూసుకోగలుగుతుంది.

ఆపరేషన్ మర్నాడే నిలబెట్టాలి. ఎక్కువమందికి పూర్తి బరువు మోపొచ్చు. "కుట్లు విడిపోతాయి, కదిలించకండి" అని ఇంటివాళ్లు భయపడి పడుకోబెడితే ఆపరేషన్ చేసిన లాభమంతా కరిగిపోతుంది. మన ఆసుపత్రుల్లో పక్క మార్చేది, తినిపించేది, పట్టుకుని నడిపించేది ఎక్కువగా కోడళ్లూ కూతుళ్లే. వాళ్లకి పది నిమిషాలు కూర్చోబెట్టి నేర్పించడం డాక్టరు పనిలో భాగం కావాలి. బంతి మార్పించుకున్నవాళ్లు కొన్నాళ్లు గొంతుకు కూర్చోకూడదు, పీట మీదా నేల మీదా కూర్చోకూడదు, కీలు జారిపోవచ్చు. కాబట్టి ఇంటికి వెళ్లేముందే ఎత్తైన కమోడ్ కుర్చీ సిద్ధం చేసుకోవాలి. దొడ్డి చివర పాయఖానా ఉన్న ఇంట్లో ఇది వాకర్ కంటే ముందు కొనాల్సిన వస్తువు.

రెండో తుంటి

ఒక తుంటి విరిగినవాళ్లకి రెండోది విరిగే ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువ. విరిగిన ఎముకకి రాడ్ వేస్తాం, విరగడానికి కారణమైన గుల్లబారడాన్ని అలాగే వదిలేస్తాం. మన దగ్గర జరిగే అన్ని లోపాల్లోకీ నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, ఎందుకంటే దీనికి మందు ఉంది.

సంవత్సరానికి ఒక్కసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్‌ని, తుంటి విరిగి ఆపరేషన్ అయిన 2,127 మంది మీద పరీక్షించారు. ఆపరేషన్ అయిన మూడు నెలల్లోపు మొదటి మోతాదు. 2007లో వచ్చిన ఆ ఫలితంలో కొత్త ఫ్రాక్చర్లు 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. ఈ మందు మన దేశంలోనే తయారవుతోంది. ఎక్కించే ముందు మూత్రపిండాల పరీక్ష చెయ్యాలి, పళ్లు పీకించుకోవాల్సినవి ఉంటే ముందే పీకించుకోవాలి, ఒంట్లో విటమిన్ డి, కాల్షియం సరిపడా ఉండేలా చూడాలి. ఎండ పుష్కలంగా ఉన్న మన ఊళ్లలో విటమిన్ డి ఎందుకు తగ్గుతుందిలే అనుకోవద్దు. తిరుపతి స్విమ్స్ పరిశోధకుడు హరినారాయణ్, ఆయన సహచరులు ఆ చుట్టుపక్కల పల్లెల్లో, పట్నంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం పరీక్షించి, విటమిన్ డి లోపం ఎక్కువగా ఉందనీ, తిండిలో కాల్షియం తక్కువనీ 2007లోనే చెప్పారు.

డిశ్చార్జి కాగితంలో సాధారణంగా యాంటీబయాటిక్, నొప్పి మాత్ర, గ్యాస్ మాత్ర, కుట్లు తీసే తేదీ ఉంటాయి. ఎముకలు గట్టిపడే మందు గురించి ఒక్క వాక్యం లేకపోతే, ఆ కాగితం చేతికిచ్చిన డాక్టరుగారినే అడగాలి. ఏ మందు ఇస్తారు, ఎప్పుడు మొదలుపెడతారు, దానికి ముందు ఏ పరీక్షలు కావాలి అని అడిగి, ఆయన చేతే అక్కడే రాయించుకుని మరీ ఇంటికి వెళ్లాలి.